ఖైర్‌పూరు తోట

ఢిల్లీ నగరమున ఖాన్ మార్కెటుకును సఫ్దర్‌జంగు సమాధికిని నడుమ, లోడీ రోడ్డును ఆనుకొని, సుమారు 90 ఎకరముల తోట యొకటి కలదు. దానికి లోడీ ఉద్యానమని పేరు. తెల్లవారక మునుపే దాని ద్వారముల యొద్ద జనసంచారము మొదలగును. ఉద్యోగము చాలించిన అధికారులు, విదేశముల రాయబారులు, అంగరక్షకులు వెంటరాగా వడివడిగా నడచు మంత్రులు, ఆసనములు వేయు వృద్ధులు, పరుగులు తీయు యువకులు ఉదయపు వేళ అచట కనబడుదురు. ప్రొద్దెక్కిన పిదప వేపచెట్ల నీడలను, గుమ్మటముల అరుగులను యువతీయువకులు ఆక్రమింతురు. ఇరుకు ఇండ్లలో పదిమంది నడుమ బ్రదుకువారికి ఇద్దరు కూర్చుండి మాటలాడుకొనుటకు అంత పెద్ద నగరమున వేరు చోటు దొరకుట కష్టము. ఆదివారము నాడు దూరపు పేటల నుండి కుటుంబములు దుప్పట్లును, రొట్టెలును, ఊరగాయలును మూటగట్టుకొని వచ్చి, పచ్చికపై సాయంకాలము వరకు గడుపును. వీరిలో ఒకరికొకరికి పోలిక లేదు. వచ్చిన పని మాత్రము ఒక్కటే. కొంతసేపు ఢిల్లీని మరచుటకు వారు వత్తురు.

అయితే ఢిల్లీని మరచుటకై వచ్చి వారు కూర్చుండు చోటు ఢిల్లీ చరిత్ర మిక్కిలి దట్టముగా పేరుకొనిన చోటులలో ఒకటి. అది నగరము నడుమ మిగిలిపోయిన అడవి కాదు, ఎవరును కన్నెత్తి చూడని బీడును కాదు. ఆ పచ్చిక పరచుటకు పూర్వము అచట ఒక ఊరు ఉండెను. ఖైర్‌పూరు అని దాని పేరు. అరబ్బీ భాషలో ఖైర్ అనగా మేలు, క్షేమము. ఆ క్షేమపురము ఎట్లు తోటగా మారెనో తెలియవలెనన్నచో ఊరికి ముందున్న సమాధుల సంగతియు, అంతకంటె ముందుగా ఢిల్లీ ప్రజలు పూర్వము నగరము విడిచి ఎచటికి పోవుచుండిరో ఆ సంగతియు కొంత తెలియవలెను.

నగరపు సందడి నుండి తప్పించుకొని తోటలలో గడపవలెనను కోరిక ఢిల్లీకి క్రొత్తది కాదు. షాజహాను చక్రవర్తి 1639లో పునాది వేయించిన షాజహానాబాదులో, చాందినీచౌకునకు ఉత్తరమున, ఆయన కుమార్తె జహనారా బేగము 1650 ప్రాంతమున పెద్ద తోట నాటించెను. ఆమె చెల్లెలు రోషనారా కోట గోడలకు వెలుపల వేరొక తోట వేయించుకొని, 1671లో మరణించినప్పుడు ఆ తోటలోనే సమాధి చేయబడెను. బ్రదికి యున్నప్పుడు విందులకును విశ్రాంతికిని, పోయిన పిమ్మట సమాధికిని ఒకే తోట పనికివచ్చుట మొగలాయి ప్రభువుల ఆచారము. అందుచేత ఢిల్లీలో తోట, గోరీ అను మాటలు చాలకాలము జంటగా నడచినవి. సమాధిచెంత ఉల్లాసముగా కూర్చుండుట నేటి యాత్రికునకు వింతగా తోచవచ్చును గాని, ఢిల్లీ వాసికి అది తాతముత్తాతల నాటి అలవాటు.

ఈ తోటలు రాజకుటుంబముల సొత్తు. సామాన్యునికి వేరొక మార్గము ఉండెను. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున, రెండవ అక్బరు షా కాలమున, పూలవారి విహారము అను ఉత్సవము మొదలైనది. వానలు వెనుకబట్టు దినములలో నగరమంతయు కదలి దక్షిణమున నున్న మెహ్రౌలీకి తరలిపోవుచుండెను. పూలతో కట్టిన వీవనలను బఖ్తియార్ కాకీ దర్గాలోను, యోగమాయాదేవి ఆలయములోను సమర్పించుచుండిరి. మామిడితోపులలో ఊయలలు కట్టుచుండిరి. దొరలు, దర్జీలు, నగలవారు, రొట్టెలు కాల్చువారు అందరును కొన్ని దినములు ఇల్లు తలపక అచటనే ఉండిపోవువారు. తెలుగునాట కార్తికమాసమున ఉసిరిచెట్టు క్రింద జరుగు వనభోజనములను ఎరిగిన పాఠకులకు ఆ ఉత్సవపు రుచి సులభముగా తెలియును. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమునాడు ప్రభుత్వము దానిని ఆపివేసెను; 1962లో నెహ్రూ ప్రోత్సాహమున మరల మొదలైనది.

ఆ విహారమునకును, నేటి ఉద్యానవిహారమునకును ఉన్న భేదము గమనింపదగినది. పూర్వము నగరము విడుచుటకు ఒక ఋతువు ఉండెను, ఒక దేవతయో పీరో ఉండెను, వెంట వీధి అంతయు ఉండెను. ఏడాదికొకమారు పోయి వచ్చిన పిమ్మట మిగిలిన దినములు నగరమును భరింపవచ్చునని వారికి తోచెను కాబోలు. నేటివానికి ప్రతిదినమును తప్పించుకొనవలసిన అగత్యము కలిగినది. తరచుగా ఒంటరిగా తప్పించుకొనును. కావున తోట అతనికి దగ్గరలో, నగరము లోపలనే కావలయును. నగరము లోపల తొంబది ఎకరములు ఖాళీగా దొరకునా? దొరకదు. ఎవరిచేతనైనను ఖాళీ చేయింపవలెను.

ఇక సమాధుల సంగతి. వానిలో పాతది సయ్యదు వంశపు మూడవ సుల్తాను ముహమ్మదు షాది. పదునైదవ శతాబ్ది నడుమ, ఆయన మరణానంతరము, కుమారుడు అలాఉద్దీను ఆలం షా దానిని కట్టించెను. ఎనిమిది పలకల కట్టడము; పలక పలకకును మూడేసి కమానులు; చుట్టును నడవ; మూలలయందు గోడను నిలబెట్టు వాలు దిమ్మెలు; పైన పెద్ద గుమ్మటము చుట్టును చిన్న ఛత్రులు. దూరమునుండి చూచినచో బరువైనది, దగ్గరకు పోయినచో చల్లనిది. కట్టించిన ఆలం షా కథ ఈ తోటకు తగినట్లే ఉన్నది. ఆయనకు ఢిల్లీ పొసగలేదు. అమీరుల కలహములు పడలేక బదాయూను పట్టణమునకు పోయి, అచటనే హాయిగా నుండెను. 1451లో ఢిల్లీ సింహాసనము బహ్లూలు లోడీ వశమైనప్పుడు ఆయన అడ్డుపడలేదు. 1478లో మరణించు వరకు బదాయూనులోనే ప్రశాంతముగా కాలము గడపెను. చరిత్రకారులు ఆయనను అసమర్థుడనిరి. అసమర్థుడే కావచ్చును. ఢిల్లీ నుండి తప్పించుకొని సుఖపడిన సుల్తానులు మాత్రము అరుదు.

తోటకు పేరిచ్చిన లోడీలలో రెండవవాడు సికందరు. 1489 నుండి 1517 వరకు పాలించెను. పారసీక భాషలో గుల్‌రుఖీ అను మారుపేరుతో కవిత్వము చెప్పెను. మతవిషయమున కఠినుడనియు పేరు మోసెను. ఆయనయు ఢిల్లీలో నిలువక, తన పీఠమును ఆగ్రాకు మార్చి, అచటనే మరణించెను. శవమును మాత్రము ఢిల్లీకి తెచ్చిరి. కుమారుడు ఇబ్రహీము కట్టించిన ఆ సమాధి ముహమ్మదు షా సమాధిని పోలి ఎనిమిది పలకలతో నుండును గాని, దాని చుట్టును కోటగోడ వలె బురుజులతో చదరపు ప్రాకారము కలదు. గుమ్మటము రెండు పొరలది. గోడ లోపల కూర్చున్నవానికి వెలుపలి రోడ్డు వినబడదు. ఇబ్రహీము 1526లో పానిపట్టు రణభూమిలో కూలెను. గెలిచిన బాబరు వెంటనే ఢిల్లీకి వచ్చి సికందరు సమాధిని, దాని తోటను చూచితినని తన స్మృతిగ్రంథమున వ్రాసికొనెను. హిందూస్థానపు తోటలలో పారు నీరు లేదని విసుగుకొనిన మనిషి ఆ తోటను గురించి మెచ్చుకోలుగా గాని, నిందగా గాని ఏమియు ఎక్కువ చెప్పలేదు. అయినను ఒక విషయము స్పష్టము. ఈ నేలపై తోట 1936లో మొదటిమారు పుట్టలేదు. నాలుగువందల ఏండ్లకు ముందే అచట ఒకటి ఉండి, మాయమైనది.

సమాధులకు నడుమ బడా గుంబద్, శీష్ గుంబద్ అను రెండు కట్టడములు ఎదురెదురుగా నున్నవి. బడా గుంబద్ లోపల గోరీ లేదు. ప్రక్కనున్న మసీదుకు అది ద్వారమై యుండునని కొందరి ఊహ. ఆ మసీదు 1494 నాటిదని శాసనము చెప్పుచున్నది. శీష్ గుంబద్ లోపల గోరీలు కలవు. అవి ఎవరివో చెప్పు శాసనము లేదు. నీలపు పెంకుల పూత కొంత మిగిలి, ఎండలో అద్దము వలె మెరయుటచే దానికి ఆ పేరు వచ్చినది. ఉత్తరపు వైపున అక్బరు కాలము నాటి వంతెన యొకటి కలదు. ఎనిమిది కాళ్ళు, ఏడు కమానులు గలది; కాళ్ళను బట్టియే అఠ్‌పులా అని పేరు. యమునలో కలియుటకు పోవు వాగు మీద దానిని కట్టిరి. నేడు వాగు లేదు. వంతెన క్రింద అలంకారమునకై నిలిపిన నీరు మాత్రము కలదు. అందు బాతులు ఈదుచుండును.

రాజులు ఆగ్రాకును, తరువాత షాజహానాబాదుకును తరలిన పిమ్మట ఈ నేల సేద్యగాండ్రది అయినది. సమాధుల చుట్టును ఖైర్‌పూరు ఇండ్లు లేచినవి. ఢిల్లీ చుట్టుపట్ల ఇది సామాన్యమైన విషయము. గట్టి గోడ, మంచి నీడ ఉన్న చోట పల్లెవాడు ఇల్లు కట్టుకొనును. గుమ్మటము క్రింద గడ్డి దాచును, పశువును కట్టును, వానకాలమున తానును తలదాచుకొనును. పురావస్తుశాఖ వారికి ఇది అపచారముగా కనబడెను. వారి బాధ అర్థము లేనిది కాదు. పొగ మసి పట్టిన గచ్చుపని మరల తిరిగిరాదు. కాని శతాబ్దముల పాటు ఆ కట్టడములతో కలసి బ్రదికినవారు ఆ పల్లెవారే. సమాధిని స్మారకమని వారు పిలువలేదు. అది వారి ఊరిలో ఒక భాగము.

1911 డిసెంబరు 12వ తేదీన ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మార్చుచున్నట్లు ప్రకటించెను. అంతట రాయసీనా, మాల్చా మొదలగు గ్రామముల పొలములను 1894 నాటి భూసేకరణ శాసనము క్రింద ప్రభుత్వము తీసికొనెను. 1931లో కొత్త రాజధానికి ప్రారంభోత్సవము జరిగెను. వెడల్పాటి వీధులు, వానికి రెండు ప్రక్కల వరుసలుగా నేరేడు, వేప, చింత చెట్లు, విశాలమైన ఆవరణల నడుమ బంగళాలు గల నగరము అది. అంత పచ్చదనమున్న నగరమునకు మరల తోట ఎందుకని అడుగవచ్చును. కాని ఆ బంగళాలలోని దొరలకు ఆవరణ చాలలేదు. వాహ్యాళికి పోవుటకు, గుర్రమెక్కుటకు, ఒకరికొకరు కనబడుటకు ఒక ఉద్యానము కావలసివచ్చినది. రాజప్రతినిధి విల్లింగ్డను ప్రభువు భార్య ఆ పనికి పూనుకొనెను. ఖైర్‌పూరు ప్రజలను లేపి వేరుచోటికి పంపిరి. ఇండ్లు పడగొట్టి, నేల చదును చేసి, పచ్చిక పరచి, చెట్లు నాటిరి. 1936 ఏప్రిల్ 9వ తేదీన లేడీ విల్లింగ్డన్ పార్కు అను పేరుతో ఉద్యానము తెరవబడెను. తొమ్మిది దినముల తరువాత ఏప్రిల్ 18న లిన్‌లిత్‌గో ప్రభువు రాజప్రతినిధిగా పదవి స్వీకరించెను. తన పేరు గల తోటలో ఆమె వారముకంటె ఎక్కువ నడచుటకు వీలులేకపోయినది. విల్లింగ్డన్ విమానాశ్రయము సఫ్దర్‌జంగు విమానాశ్రయమైనది. విల్లింగ్డన్ ఆసుపత్రి రామమనోహర్ లోహియా ఆసుపత్రి అయినది. తోట పేరు 1947లోనే మారినది.

ఊరును తొలగించి తోట వేయుట ఢిల్లీలోనే జరిగిన విడ్డూరము కాదు. చారుబాగు అను మొగలాయి పద్ధతిలో తోటను నాలుగు సమభాగములు చేసి, కాలువలు తీసి, గోడ కట్టుదురు. అది మనిషి చేసినదని ఎవరికైనను తెలియును. ఇంగ్లండులో పదునెనిమిదవ శతాబ్దిలో వేరొక పద్ధతి పుట్టినది. వంకర బాటలు, ఎగుడుదిగుడు పచ్చిక, చెట్ల గుంపులు, ఒక చెరువు, వీలైనచో ఒక పాడుబడిన గోపురము. మనిషి చేయి తగలనట్లు కనబడుటయే అందలి నేర్పు. ఆ నేర్పునకు అడ్డువచ్చిన ఊళ్లను ప్రభువులు తీసివేసిరి. న్యూన్‌హం కోర్ట్నీ గ్రామమును 1760 తరువాతి ఏండ్లలో అచటి ప్రభువు తన ఉద్యానము కొరకు దూరముగా జరిపించెను; గోల్డుస్మితు 1770లో ప్రకటించిన పాడుబడిన పల్లె కావ్యమునకు ఆ ఊరే మూలమని చాలమంది విశ్వాసము. అమెరికాలో న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కు కొరకు 1857లో సెనెకా విలేజి అను పేటను తుడిచివేసిరి. అచట రమారమి 225 మంది నివసించుచుండిరి. వారిలో చాలమంది సొంత ఇల్లు సంపాదించుకొనిన నల్లజాతివారు. ఆ పేట చరిత్రము తిరిగి వెలికివచ్చుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఢిల్లీలో ఆ కళకు ఇంకొక సౌకర్యము దొరకినది. ఇంగ్లండు ప్రభువులు తమ తోటలలో పాడుబడిన గోపురములు లేకపోయినచో కొత్తవి పాడుబడినట్లు కట్టించుకొనిరి. ఇచట నిజమైన శిథిలములే సిద్ధముగా నుండెను. చుట్టునున్న మనుష్యులను తీసివేయుట ఒక్కటే కొదవ. అందుచేత ఈ తోటను ప్రకృతి అని పిలుచువారు పొరబడుచున్నారు. వేపచెట్టు ప్రకృతియే, చిలుక ప్రకృతియే. చెట్టునకును గుమ్మటమునకును నడుమనున్న ఆ ఖాళీ మాత్రము నగరము చేసినది. తోట పుట్టుకలో అన్యాయమున్నదని దానిని త్రోసివేయవలసిన పని లేదు. 1936లో పెకలించిన ఇండ్లను అచట మరల కట్టించుమని కోరువారెవరును లేరు. కాని ఆదివారమునాడు పచ్చికపై రొట్టె విప్పుకొను కుటుంబము తానెరుగకయే ఖైర్‌పూరు వారి వలె గుమ్మటపు నీడను వాడుకొనుచున్నది. అలంకారమునకై మిగిల్చిన సమాధికి ఆ వాడుక మరల జీవము పోసినదనుటలో అతిశయోక్తి లేదు.

1947లో ఉద్యానములకు వేరు పని పడినది. దేశవిభజన నాటి మారణకాండలో ఢిల్లీ ముస్లిములు వేలకొలది పురానా ఖిలాలోను, తూర్పుననున్న హుమాయూను సమాధి తోటలోను తలదాచుకొనిరి. చారుబాగు కాలువల ప్రక్కన గుడారములు వెలసినవి. నగరము నుండి తప్పించుకొనుట అను మాటకు అంత కఠినమైన అర్థము మరెన్నడును రాలేదు. ఆ గుడారములు ఎత్తివేసి తోటను తిరిగి తోటగా చేయుటకు చాలకాలము పట్టెను.

లోడీ ఉద్యానమునకు నేటి రూపము 1968లో వచ్చినది. జోసెఫ్ ఎలెన్ స్టెయిన్ అను అమెరికను వాస్తుశిల్పి 1952లో భారతదేశమునకు వచ్చి, శిబపురపు ఇంజనీరింగు కళాశాలలో బోధించి, తరువాత ఢిల్లీలో స్థిరపడెను. ఉద్యానపు గోడను ఆనుకొని ఆయన కట్టిన ఇండియా ఇంటర్నేషనల్ సెంటరు 1962లో ప్రారంభమైనది. తోటలకు రూపకల్పన చేయుటలో పేరుపొందిన గారెట్ ఎక్బో సహాయముతో ఆయన ఉద్యానమును తిరిగి తీర్చిదిద్దెను. మొక్కలకై గాజు గది యొకటి వెలసినది. ఎంత మార్చిరో చూపరులకు తెలియకుండ మార్చుట ఆయన గొప్పతనము. ఆ ఏండ్లలోనే, 1962 నుండి 1968 వరకు, మెక్సికో రాయబారిగా ఢిల్లీలో నున్న ఒక్తావియో పాజ్ ఈ ఉద్యానము మీద కొద్ది పంక్తుల కవిత వ్రాసెను. 1990లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిన తరువాత ఆ కవితను వెదకికొని తోటకు వచ్చువారును ఉన్నారు. తన దేశమున విద్యార్థులను కాల్చి చంపినందుకు నిరసనగా 1968లో ఆయన రాయబారి పదవిని వదలుకొనెను.

ఇటీవలి కాలమున ఉద్యానము తన మొదటి వాగ్దానమునే నిలుపుకొనలేకున్నది. ప్రతి సంవత్సరమును నవంబరు వచ్చుసరికి వాహనముల పొగ, కట్టడముల దుమ్ము, పొరుగు రాష్ట్రముల పొలములలో కాల్చు వరి మోళ్ల పొగ కలిసి నగరముపై కప్పు వలె కూర్చుండును. బడా గుంబద్ ఎదుటనున్నవారికి శీష్ గుంబద్ మసకగా కనబడును. ఉదయపు నడక ఆరోగ్యమునకు మంచిదని జీవితమంతయు నమ్మినవారికి ఆ నెలలో ఇల్లు కదలవద్దని వైద్యులు చెప్పుచున్నారు. సికందరు సమాధి ప్రాకారము రోడ్డు చప్పుడును ఆపగలదు గాని పొగను ఆపలేదు. వైద్యుని మాట వినక ముక్కునకు గుడ్డ కట్టుకొని నడచువారు ఆ దినములలో కూడ కనబడుదురు. వారిలో అలవాటు మానలేనివారు కొందరు. ఇంటిలోని గాలి అంతకంటె మేలు కాదని తెలిసినవారు కొందరు.

హుమాయూను సమాధి ప్రక్కన, కొత్త రాజధానికి మొక్కలు పెంచిన సుందర్ నర్సరీ 2018లో పెద్ద ఉద్యానముగా తెరవబడినది. ఇదియు సుమారు 90 ఎకరములే. సమాధులును, మంటపములును ఇందును కలవు. నీటి కాలువలు బాబరునకు నచ్చునట్లే పారుచున్నవి. శుభ్రమునకు పేరుపడినది. ద్వారము వద్ద టిక్కెట్టు కొనవలెను. అయిదారుగురు పిల్లలను, ముసలి తల్లిని వెంటబెట్టుకొని రెండు బస్సులు మారి వచ్చినవాడు ఆ కిటికీ ముందు నిలబడి వ్రేళ్ళమీద లెక్క వేసికొనును. లోడీ ఉద్యానమున మాత్రము రుసుము లేదు. ఆదివారపు దుప్పట్లు ఎక్కువగా ఈ పచ్చిక మీదనే పరచుకొనును.